నీడల కోరం

నమోదు ఒకటి – తూర్పుగాలి, సోలారు పలకల మీద ఉప్పు

ఈ నమోదు నేను సరదాకి రాయడం లేదు. రాయమన్నారు కనక రాస్తున్నాను. నగరసభ వారి నీడల విభాగం కబురు పంపింది: "అబ్బులుగారూ, మీ నీడ తయారు కావడం లేదు. అయ్యేదాకా సంఘం పనుల గురించి మీకు తోచిందల్లా మీ మాటల్లోనే రాసి పంపుతూ ఉండండి." తోచడానికి మనకి కొదవేముంది?

ముందు నేనెవరో చెప్పాలి. పేరు పాలింగి అబ్బులు. గట్టునగరం లాంచీల రేవులో ఉద్యోగమంతా మైకు ముందే గడిపిన గొంతు నాది. "లంకలవైపు వెళ్ళు లాంచీ బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అని వినబడితే అది నేనే. బడికి వెళ్ళింది తక్కువ. లాంచీకీ లాంచీకీ మధ్య ఖాళీలో, ప్రయాణికులు బల్లల మీద మరిచిపోయిన పుస్తకాలు చదివి ఇంతవాణ్ణయ్యాను. వాటిలో కొన్నిటికి మొదటి పేజీలుండేవి కావు, కొన్నిటికి ఆఖరి పేజీలుండేవి కావు. అందుకే నాకు ఏ విషయమైనా మధ్యలోంచి బాగా తెలుసు.

ఈ సంవత్సరం లాకుల సలహా సంఘానికి చీటీల్లో నా పేరొచ్చింది. సముద్రం మీదికొచ్చాక ఊరి చుట్టూ గట్టు పోసుకున్నాం కదా, ఆ గట్టులో పడవలు రావడానికి ఉన్న తలుపులే లాకులు. వాటి సంగతుల్లో నగరసభకి సలహా చెప్పడం సంఘం పని. అయితే ఇప్పుడు మనుషులెవరూ వెళ్ళి చెప్పరు. సభ్యుడి మాటతీరు, ఆలోచన యంత్రం నేర్చుకుని ఒక నీడని తయారు చేస్తుంది. మనం ఇంట్లో పప్పుకి తాలింపు పెట్టుకుంటూ ఉంటే మన నీడ మన గొంతుతో అక్కడ సలహా చెప్పేసి, ఓటు కూడా వేసేసి వస్తుంది.

నా నీడ కోసం యంత్రం నన్ను కూచోబెట్టి అడిగింది: "తొమ్మిదో లాకు మూసెయ్యాలా, అక్కర్లేదా?"

"తొమ్మిదో లాకంటే గుర్తొచ్చింది," అని మొదలెట్టాను. ఆ లాకు దగ్గర ఒకసారి పెళ్ళివారి బృందం ఒక లాంచీ బదులు మరో లాంచీ ఎక్కేసి, ఎవరిదో వేరే పెళ్ళిలో దిగి, కడుపారా భోంచేసి, చదివింపులు కూడా చదివించి వచ్చారు. ఆ భోజనంలో గుత్తి వంకాయ గురించి చెప్పక తప్పదు. వంకాయ అన్నాక ముళ్ళవంకాయకీ నీటివంకాయకీ తేడా చెప్పక తప్పదు. యంత్రం పాపం మధ్యాహ్నం దాకా విని, తెర మీద ఒక ముక్క వేసింది: "అభిప్రాయం దొరకలేదు."

మా ఆవిడకి చెబితే నవ్వింది. "పెళ్ళైన దగ్గర్నుంచీ నేనూ వెతుకుతున్నాను. దానికి ఒక్క పూటలో దొరుకుతుందా?"

కాబట్టి నీడ లేని నేను స్వయంగా వెళ్ళాలి.

నమోదు రెండు – ఎండ, గాలి లేదు

ఇవాళ మొదటి సమావేశం. ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. హాల్లో గుండ్రంగా ఆరు కుర్చీలు. అయిదింటి వీపు మీద చిన్న దీపం. మనుషులు లేరు. మూల బల్ల దగ్గర కార్యదర్శి యేసుపాదం ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడి లేచాడు.

"దారి తప్పారాండీ?"

"కాదు బాబూ, సభ్యుణ్ణి."

"మనిషిగానే వచ్చేశారా!" అని గుడ్డ కోసం వెతికి, ఆరో కుర్చీ మీద దుమ్ము దులిపాడు.

గంట మోగింది. అధ్యక్షురాలి కుర్చీ దీపం వెలిగింది. "మొదటి అంశం. సమ్మతమేనా?" మిగతా దీపాలు వరసగా వెలిగాయి. "సమ్మతమే." "బాగుంది, కానివ్వండి." "తమరు చెప్పాక ఇంకేముంది." రెండో అంశం, అదే పాట. నేను కళ్ళజోడు సర్దుకునేసరికి నాలుగో దానికొచ్చారు. "తొమ్మిదో లాకుని శాశ్వతంగా మూసి గట్టులో కలిపెయ్యాలన్న ప్రతిపాదన. మొదటి విడత పరిశీలన."

నేను చెయ్యెత్తి "అసలు..." అన్నాను. ఆ ముక్క పూర్తయ్యేలోగా అయిదు సమ్మతాలూ అయిపోయాయి. తెర మీద పడింది: "శ్రీ అబ్బులుగారి అభిప్రాయం: అసలు."

ఓట్లన్నీ అయ్యాక "ప్రజల మాట" అన్నారు. వెనక బెంచీ మీంచి ఒకావిడ లేచింది. నేను అప్పటిదాకా చూడనేలేదు. నడివయసు, ఎండకి కందిన మొహం, చీర కుచ్చెళ్ళకి బురద మరకలు. చేతులు కట్టుకుని, ఖాళీ కుర్చీల వైపు చూస్తూ పాఠం అప్పజెప్పినట్టు మొదలెట్టింది.

"దండాలండి. నా పేరు ఓలేటి నూకరత్నం. మాది మడపేట. గట్టు అవతల మడ అడివిలో పీతలు పెంచుకుంటాం. తొమ్మిదో లాకు మాకు ఊళ్ళోకి దారండి. అది మూసేత్తే మేం ఏటి మొగ చుట్టూ తిరిగి..." అక్కడ నన్ను చూసి ఆగిపోయింది. దగ్గరికొచ్చింది. వేలితో నా భుజం మెల్లిగా పొడిచింది.

"ఏటండీ, మీరు మడిసేనా?"

"మనిషినేనమ్మా."

"మరి చెప్పరేటండీ! మూసేత్తారన్న పుకారు పుట్టిన కాణ్ణించి ఇన్ని నెలలుగా కుర్చీలకి చెప్తన్నాను. అన్నీ మళ్ళీ మొదట్నించి చెప్పాలా?"

ఈలోగా ఆవిడకిచ్చిన సమయం అయిపోయి దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయాయి.

బయట మెట్ల మీద యేసుపాదం వివరం చెప్పాడు. ఏ ప్రతిపాదనైనా మూడు విడతలు చూస్తారు. మూడోసారి సంఘం ఏకగ్రీవంగా సరేనంటే నగరసభలో చర్చ కూడా ఉండదు, నేరుగా పని మొదలెట్టేస్తారు. ఒక్క మనిషైనా గట్టిగా, కారణం చెప్పి కాదంటేనే సభవారు కూచుని మాట్లాడాలి, జవాబు చెప్పాలి. "ఒక్కరు చాలుగా, నేనున్నాను," అన్నాను. చాలరన్నాడు. కాదన్నవాడికి ఇంకో మనిషి వంత పాడాలి. నీడ సభ్యుడి తరఫునే మాట్లాడుతుంది కాబట్టి, సభ్యుడు స్వయంగా గదిలో ఉంటే అది నోరు మెదపదు. అంటే నాకు మనుషులు కావాలి.

"మూడోసారి ఎప్పుడు?" అన్నాను.

"వానలు పట్టేలోపండి."

నమోదు మూడు – ఆకాశం నిండా తెల్లమబ్బు

నూకరత్నం పడవలో మడపేట వెళ్ళొచ్చాను. మీకు తెలీదేమో, మడ చెట్లకి వేళ్ళు పైకి ఉంటాయి, ఊపిరి పీల్చుకోవడానికి. బురదలోంచి వేళ్ళు బయటికి పెట్టి ఊపిరి తీసే చెట్టుని చూస్తే నాకు నీడల విభాగం గుర్తొచ్చింది. ఎందుకో అడక్కండి, నాకూ తెలీదు.

పీతలకి మేత వేస్తూ ఆవిడ చెప్పింది.

"లాకులోంచైతే పడవ ఇటు తిప్పితే ఊరండి. లాకు లేదనుకోండి, అలా సముద్రం అంచునే పోయి మొగలోంచి లోపలికి రావాలి. ఏరూ సముద్రం కలిసే చోటండీ అది. ఎండాకాలం పర్లేదు. వానల్లో మాత్రం రెండువైపుల్నించి నీళ్ళు కొట్టుకుంటాయి. పోయినేడు మరమ్మత్తని లాకు మూశారు కదా? అప్పుడు మా తోడికోడలు పడవ అక్కడ బోల్తా కొట్టేసింది. మడిసి దక్కిందండి. కాలే... పడవకింద నలిగిపోయి, తీసేశారు."

"ఆ మాట సంఘంలో చెప్పావా?"

"చెప్పానండి. దీపాలు ఆరిపోయాక."

ఒడ్డున బడి సంచులు తగిలించుకుని పిల్లలు పడవెక్కుతున్నారు. వాళ్ళ బడి లాకు లోపల, ఊళ్ళో. మాట్లాడకుండా చూశాను. నాకిలాంటిది అరుదు.

నమోదు నాలుగు – రాత్రి మంచు బాగా పట్టింది

మంచుని నీళ్ళుగా పట్టే వలల కింది బానలు నిండాయి. రెండు ఇంట్లోకి మోసి, ఆ తడి చేతులతోనే అధ్యక్షురాలు కామేశ్వరమ్మగారింటికి వెళ్ళాను. బడికి ప్రధానోపాధ్యాయినిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. డాబా మీద బచ్చలి పాదులకి నీళ్ళు పోస్తున్నారు.

"నేను రాకపోతేనేం, నా నీడ వెళ్తోందిగా. చాలా క్రమశిక్షణ గల నీడ అని యేసుపాదం మెచ్చుకున్నాడు."

"తొమ్మిదో లాకు మూసెయ్యడానికి ఒప్పేసుకుందండి."

"ఎవరు ఒప్పుకుంది?"

"మీరేనండి."

చెంబు దబ్బున కింద పెట్టారు. "నేనా! ఆ లాకు మూస్తే మడపేట పిల్లలు బడికెలా వస్తారు? గాల్లో ఎగిరొస్తారా? సమ్మతమన్నవాడెవడో చెప్పండి, చెవి మెలేస్తాను."

"మీ చెవేనండి అది."

ఆవిడ అప్పటికప్పుడు చీర మార్చుకుని బయల్దేరారు. దారిలో ఐసు ఫ్యాక్టరీ మదార్ సాహెబుగారిని కూడా లేపాం. ఆయనా సభ్యుడే. ఆయన లాకు మూతకి అంతకన్నా బద్ధవిరోధి. "మడపేట పీతలు లేకపోతే నా ఐసు ఎవరు కొంటారండీ? నేను పెట్టుకుని తినాలి!" ముగ్గురం కలిసి యేసుపాదం దగ్గర కూచున్నాం. నీడలు దేనిమీద తయారయ్యాయో వినిపించమన్నాం.

మనుషులు స్వయంగా వచ్చే రోజుల నాటి సమావేశాల రికార్డులవి. ఇంజనీర్లు ఏదో చెబుతారు. కామేశ్వరమ్మగారి గొంతు: "బాగుంది, కానివ్వండి." సాహెబుగారి గొంతు: "తమరు చెప్పాక ఇంకేముంది." ఇంకో సమావేశం, అదే. మరోటి, అదే.

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఆ ఇంజనీరు అంత కష్టపడి బొమ్మలు గీసుకొస్తే, పదిమందిలో కాదంటే ఏం బావుంటుంది..."

"పెద్దవాళ్ళ ముందు మాటకి మాట అంటే మర్యాద కాదు కదండీ," అన్నారు సాహెబుగారు.

యేసుపాదం గొంతు సవరించుకున్నాడు. "అయ్యాక మాత్రం బయట మావుళ్ళు టీకొట్టు దగ్గర ఇంజనీర్లని ఉతికి ఆరేసేవారండి. 'ఆ గోడ నిలబడదు', 'ఈ పంపు పనికిరాదు' అనీ. అసలు మీ సలహాలన్నీ అక్కడే ఉండేవి. యంత్రం లోపలున్నదే విందండి. బయట మైకు లేదు కదండీ."

అంటే మన నీడలు అబద్ధం చెప్పడం లేదు. మన మర్యాదని తు.చ. తప్పకుండా నేర్చుకున్నాయి, అంతే.

నమోదు అయిదు – ఉక్కపోత

ఇవాళ రెండో విడత. పెద్ద విజయం అనుకుంటూ వెళ్ళాను. అధ్యక్షురాలు వచ్చారు. సాహెబుగారు వచ్చారు. గిడ్డంగుల గుప్తగారు కూడా వచ్చారు, ఈయన లాకు మూసెయ్యాలనే పక్షం. మిగతా రెండు కుర్చీల్లో నీడలే. అయినా నలుగురు మనుషులం! యేసుపాదం దులిపిన దుమ్ముకి హాల్లో అందరూ తుమ్ముతున్నారు.

పంపుల ఇంజనీరు రామభద్రరాజుగారు వచ్చి గోడ మీద రంగుల బొమ్మలు వేశారు. మంచివాడు, కళ్ళకింద నిద్రలేని గుంటలు. లాకులోంచి నీరొస్తోందని, పంపులు మొరాయిస్తున్నాయని, ఒక పంపు ఆగితే కింది వీధులు మునుగుతాయని చెప్పారు. ఆఖర్న రెండు చేతులూ జోడించి "మీ పెద్దల సలహా" అన్నారు.

కామేశ్వరమ్మగారు నోరు తెరిచారు. ఆ జోడించిన చేతులు చూశారు. "బాగా వివరించారు రాజుగారూ. కానివ్వండి," అన్నారు.

సాహెబుగారు టోపీ సర్దుకున్నారు. "తమరు చెప్పాక ఇంకేముంది."

నేను బిత్తరపోయాను. మనుషులొచ్చి నీడల పని చేస్తున్నారు! ఇక నా వంతు. కాదనాలి, అంతే. "తొమ్మిదో లాకు సంగతి..." అని లేచాను. అంతలో పెళ్ళివారి లాంచీ గుర్తొచ్చింది. వంకాయ దాకా పోలేదు కానీ చదివింపుల దాకా వెళ్ళాను. సమయం అయిపోయింది. "శ్రీ అబ్బులుగారి అభిప్రాయం: దొరకలేదు."

నూకరత్నం లేవలేదు. ప్రజల మాట అన్నా లేవలేదు.

సమావేశం అయ్యాక అందరం మావుళ్ళు కొట్టు బల్లల మీద కూలబడ్డాం. టీ గ్లాసు చేతిలో పడగానే కామేశ్వరమ్మగారికి గొంతొచ్చింది. "ఆ బొమ్మల్లో మడపేట ఎక్కడుందండీ? అసలు గీశారా? పిల్లల సంగతేం చేశారు?" సాహెబుగారు బల్ల గుద్దారు. "లాకు తలుపుకి అడుగున పట్టీ మార్చి ఎన్నేళ్ళైంది? అడిగారా ఎవరైనా?" గుప్తగారు కూడా అందుకున్నారు. "నేనైతే మూసెయ్యమనే అంటాను. లాకు నీటి తడికి నా గిడ్డంగిలో మినుములు మొలకెత్తుతున్నాయి. ఆ మాట లోపల అంటే మడపేటవాళ్ళ ఉసురు పోసుకున్నట్టు ఉంటుందని ఊరుకున్నాను."

వెనక ఎవరో ఉన్నట్టనిపించి తిరిగి చూశాం. నూకరత్నం.

"ఈ మాటలన్నీ ఇంతసేపూ మీ నోట్లోనే ఉన్నాయాండీ?" అంది. కోపంగా అనలేదు. అదే బాధ. "మాకెవరూ లేరనుకున్నాను. ఉన్నారు. గుమ్మం దాటాక ఉన్నారు."

ఎవరి గ్లాసులోకి వాళ్ళు చూసుకున్నాం. గుప్తగారైతే ఖాళీ గ్లాసులోకే చూస్తున్నారు.

నమోదు ఆరు – దక్షిణాన మెరుపులు

పలకలు తుడవడం ఇవాళ మా ఆవిడకి అప్పగించి, పొద్దున్నించీ కామేశ్వరమ్మగారి డాబా మీద బైఠాయించాం. ఆవిడ సంఘం నియమాలన్నీ ముందేసుకున్నారు. సమావేశం హాల్లోనే జరగాలని ఎక్కడా లేదు. "అధ్యక్షులు కూర్చున్న చోట" అని మాత్రమే ఉంది.

"అయితే నేను మావుళ్ళు కొట్టులో కూర్చుంటాను," అన్నారావిడ.

యేసుపాదం మైకు పెట్టె అక్కడికి మోసుకొస్తానన్నాడు. ప్రజల మాట ఓటు తర్వాత కాదు, అన్నిటికన్నా ముందు ఉండాలన్నారు సాహెబుగారు. "ముందు విని తర్వాత చెప్పాలి కానీ, చెప్పేసి వినడమేంటండీ? మనం ఇంట్లో అలా చేస్తే ఆడవాళ్ళు ఊరుకుంటారా?"

కానీ అసలు ముడి అది కాదు. చోటు మారిస్తే మర్యాద మారుతుందా? టీకొట్టులోకి ఇంజనీరుగారొచ్చి చేతులు జోడిస్తే మళ్ళీ "కానివ్వండి" అనమా? కామేశ్వరమ్మగారు బచ్చలి ఆకులు గిల్లుతూ ఆలోచించారు.

"క్లాసులో 'అర్థమైందా' అంటే అందరూ 'అయిందండీ' అనేవారు. టీచరు మనసు కష్టపెట్టకూడదని. నేను ఒక పద్ధతి పెట్టాను. ఒక్క అనుమానం అడగనిదే ఎవరూ కూచోకూడదు. అడగకపోవడమే అప్పుడు అమర్యాద అయ్యేది."

దాన్నే సంఘానికి తెచ్చారావిడ. ఏ ప్రతిపాదనకైనా, దాంట్లో ఒక లోటు చెప్పనిదే ఎవరూ సమ్మతం అనకూడదు. ప్రతిపాదించినవారు కూడా తమ ప్రతిపాదనలో లోటు తామే ముందు చెప్పాలి. అనుకూలమా వ్యతిరేకమా అన్నది ఆ తర్వాత సంగతి. మన దగ్గర ఒకరి మనసు కష్టపెట్టడానికి సంకోచిస్తాం కానీ, నియమం ఉందంటే ఎంత కఠినమైన మాటైనా నమస్కారం పెట్టి మరీ అనేస్తాం. నియమం మీద నెపం వేస్తాం.

ఇంకో నియమం నా కోసం చేశారు. మాట్లాడేవారు చేతిలో టీ అయ్యేదాకానే మాట్లాడాలి. "అబ్బులుగారికి అర గ్లాసు టీయే ఇవ్వమని మావుళ్ళుకి చెప్తాను," అన్నారు సాహెబుగారు.

ఎవరూ నన్ను సమర్థించలేదు.

నమోదు ఏడు – మబ్బు దిగింది, ఇంకా చినుకు లేదు

మూడో విడత. టీకొట్టు చుట్టూ బల్లలు వేశారు. మడపేట వాళ్ళు వచ్చారు, కింది వీధుల వాళ్ళు వచ్చారు, ఊరికే టీ కోసం వచ్చి ఇరుక్కుపోయినవాళ్ళు కూడా ఉన్నారు. రాని ఇద్దరు సభ్యుల నీడలని రెండు దీపాల కుర్చీలతో సహా తెచ్చి, బిస్కట్ల సీసాల పక్కన పెట్టాడు యేసుపాదం.

ముందు నూకరత్నం మాట్లాడింది. ఈసారి అప్పజెప్పలేదు. మొగ గురించి, తోడికోడలి గురించి, పడవలో పిల్లలు ఎవరి చెయ్యి ఎవరు పట్టుకుని కూచుంటారో దాని గురించి చెప్పింది. ఆవిడ చెప్పినంతసేపూ మావుళ్ళు పంచదార గరిట తిప్పడం ఆపేశాడు.

తర్వాత రాజుగారు లేచారు. కామేశ్వరమ్మగారు "లోటు ముందు, రాజుగారూ" అన్నారు.

"లోటు ఉందండీ. పెద్దదే. పంపులు కాపాడాలంటే లాకు పూర్తిగా మూసెయ్యక్కర్లేదు. ఇప్పుడు ఎవరొచ్చి కేకేస్తే అప్పుడు తలుపు తీస్తున్నాం. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తీస్తే నీరు దూకుతుంది. అదే పాటు సమయంలో, సముద్రం తగ్గినప్పుడు మాత్రమే తీస్తే, వచ్చే నీరు పంపులకి లెక్కే కాదు."

"ఈ సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నారు సాహెబుగారు.

"మా పైవాళ్ళు మూసేద్దామా అన్నారు, మంచిదండీ అన్నాను. మీరు సమ్మతమే అన్నారు. మధ్యలో నన్నెవరూ ఏమీ అడగలేదండి."

లాకు మూయక్కర్లేదని అందరం గుండెల మీద చెయ్యి వేసుకున్నాం. నూకరత్నం మాత్రం తేలికపడలేదు. "పాటులో మా కాలవలో నీళ్ళుండవండీ బాబూ. పడవ బురదలో కూచుంటది. పీతల్ని భుజం మీదేసుకుని నడిచి రమ్మంటారా?"

"పోటు తగ్గకముందే వచ్చి లాకు బయట ఆగండి."

"ఎండలోనా? మూడొంతులు చస్తాయి."

"నీడకి పందిరి వేయిస్తాను."

"తడిగోనెలు కూడా. మంచినీళ్ళు. మరి పిల్లలు? బడి గంట మోగినప్పుడు తలుపు మూసుంటేనో?"

అక్కడ కామేశ్వరమ్మగారు అందుకున్నారు. "బడి గంట సముద్రాన్ని బట్టి కొడదాం. రోజూ ఒకే వేళకి మోగాలని ఎవరు రాశారు? నేను వెళ్ళి మాట్లాడతాను."

గుప్తగారు తన లోటు తాను చెప్పారు. "పాటులో తీసినా కొంత నీరు నా గిడ్డంగి వైపే వస్తుంది. అప్పుడు మీరొచ్చి ఎత్తిపోస్తారా?"

"పిలవండి, వత్తాం. మాకు నీళ్ళు కొత్తాండీ?" అంది నూకరత్నం.

"వస్తే మంచిదే. అయినా నేను మూసెయ్యాలనే అంటాను," అన్నారాయన, ఎంతో మర్యాదగా. ఎవరి మనసూ కష్టపడలేదు. అనవచ్చని అప్పుడు నాకు నిజంగా తెలిసింది.

నా వంతుకి అర టీ వచ్చింది. ఒక గుక్కలో చెప్పాను. "తలుపు తీసే వేళలు రేవు మైకులో రోజూ చెప్పాలి. చెప్పకపోవడమే దీంట్లో లోటు. పాటు వేళల్లో తెరిచి ఉంచాలి. నా ఓటదే." గ్లాసులో ఇంకా టీ మిగిలింది. అందరూ నన్నే చూశారు, ఒంట్లో బాలేదేమోనని.

కామేశ్వరమ్మగారు, సాహెబుగారు కూడా తలా ఒక లోటు చెప్పి తెరిచే ఉంచమన్నారు. అప్పుడొచ్చింది చిక్కు. నీడల ఓట్లు. అవి లోటు చెప్పలేవు కదా? సాహెబుగారు వాటి ముందుకెళ్ళి వంగారు.

"లాకు మూసేద్దామంటారా?"

"సమ్మతమే," అంది ఒకటి. "తమరు చెప్పాక ఇంకేముంది," అంది రెండోది.

"తెరిచే ఉంచుదామంటారా?"

"సమ్మతమే." "తమరు చెప్పాక ఇంకేముంది."

సాహెబుగారు గడ్డం నిమురుకున్నారు. "అధ్యక్షురాలుగారిని కాలవలోకి తోసేద్దామంటారా?"

"బాగుంది, కానివ్వండి," అన్నాయి రెండూ, ఒకే గొంతుగా.

బల్లల మీద ఉన్నవాళ్ళు కింద పడ్డారు. మావుళ్ళు బిస్కట్ల సీసా జారిపోకుండా పట్టుకుని నవ్వాడు. కామేశ్వరమ్మగారు పైట సర్దుకుని, గంభీరంగా తీర్పు చెప్పారు: లోటు చెప్పలేని ఓటు లెక్కలోకి రాదు. దీపాలు ఆపెయ్యమన్నారు. యేసుపాదం ఆపేశాడు.

ముగ్గురం తెరిచి ఉంచమని, ఒకరు మూసెయ్యమని. ఏకగ్రీవం కాదు. నగరసభ కూచోక తప్పదు. ఆవిడ దాంట్లో ఇంకో ముక్క కలిపారు: సభవారు ఈ సలహా తీసుకోకపోతే, ఎందుకు తీసుకోలేదో ఇక్కడికే వచ్చి సొంత నోటితో చెప్పాలి.

అందరూ లేచాక రాజుగారు నూకరత్నం దగ్గరికొచ్చి, పందిరి ఎటువైపు వెయ్యాలో నేల మీద పుల్లతో గీసి చూపిస్తున్నారు. ఆవిడ గీతలు చెరిపేసి తను వేరేగా గీస్తోంది.

నమోదు ఎనిమిది – వాన

సభవారు కూచున్నారు. పూర్తిగా ఒప్పుకోలేదు. ఈ ఒక్క వానాకాలం చూస్తామన్నారు. పంపులు ఆగితే మళ్ళీ మాట్లాడుకుందామన్నారు. ఆ మాట చెప్పడానికి సభాధ్యక్షుడు స్వయంగా టీకొట్టుకి వచ్చారు. "లోటు ముందు" అని ఎవరో జనంలోంచి అరిస్తే ఆయన తడబడి, "పందిరికి మేము ఇంకా మనుషుల్ని పంపలేదు" అని ఒప్పుకున్నారు. మర్నాడు పంపారు.

మా సంఘాన్ని చూసి చెట్ల సంఘమూ, వీధిదీపాల సంఘమూ టీకొట్లు వెతుక్కుంటున్నాయట. వీధిదీపాల వాళ్ళు తమకి లోటు ఏదీ కనబడలేదని నన్ను సలహా అడగడానికొచ్చారు. వాళ్ళ వీధిలోకి చీకటి పడ్డాక ఒకసారి నడిచి వెళ్ళమన్నాను. ఇంతటితో అన్నీ సర్దుకుపోవు, తెలుసు. గుప్తగారి గిడ్డంగిలోకి నిన్న నీరొచ్చింది. మడపేట నుంచి పదిమంది వచ్చి ఎత్తిపోశారు. ఆయన అయినా పై సమావేశంలో మూసెయ్యమనే అంటానన్నారు. అనమనండి. అనాలి కూడా.

ఇవాళ ఈ ఏటి మొదటి పెద్ద వాన. గొడుగు పట్టుకుని తొమ్మిదో లాకు గట్టు ఎక్కాను. అవతల కొత్త పందిరి కింద పడవలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. గోనెల కింద పీతలు గీరుతున్న చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోంది. నూకరత్నం ముందు పడవలో నిలబడి, తలుపు దగ్గర రాజుగారిని కేకేస్తోంది. "తీయండీ బాబూ! సముద్రం తగ్గిపోయి ఎంతసేపైంది? మీకు కనబడదేటి?"

"ఇంకా తగ్గలేదమ్మా! గుర్తు చూడు!"

"మీ గుర్తే తప్పండీ!"

"అయితే వచ్చే సమావేశంలో చెప్పు!"

"చెప్తానండి! ముందదే చెప్తాను!"

తలుపు కదిలింది. తుప్పు రాసుకుని పెద్దగా మూలిగింది. నీరు లోపలికి వచ్చింది కానీ దూకలేదు, నడిచొచ్చింది. దాని వెనకే నూకరత్నం పడవ, ఆ వెనక బడి పడవ. పిల్లలు సంచులు నెత్తిన పెట్టుకుని, వానలో నోళ్ళు తెరిచి చినుకులు తాగుతున్నారు. పంపుల గది కిటికీలోంచి ఎవరో తల బయటికి పెట్టి, బాగానే ఉన్నాయన్నట్టు చెయ్యూపారు.

గొడుగు దించి మొగ వైపు చూశాను. అక్కడ నీళ్ళు రెండువైపుల నుంచీ లేచి కొట్టుకుంటున్నాయి, తెల్లగా, చప్పుడు లేకుండా, అంత దూరాన. చాలాసేపు చూశాను. ఆ వైపు ఒక్క పడవ కూడా వెళ్ళలేదు.